ఐదో కుర్చీ

మా ద్వీపం బడిలో మొత్తం ఇరవై ఆరుమందిమి.
పుస్తకాల క్విజ్‌కి వెళ్ళేది నలుగురు. నేను ఐదో మనిషిని.
ఎవరికైనా జ్వరమొస్తే ఆడేది నేను.
రాకపోతే కోట్లు మోసేది నేను.

తెల్లారకముందే పడవెక్కాం.
జలసంధి ఆ రోజు ఎవరి మాటా వినేలా లేదు.
రేవు దాటకముందే డగల్ బకెట్ అడిగాడు,
అందులో తల పెట్టి మరీ
కథల్లోని ఓడల పేర్లు వరసగా అప్పజెప్పాడు.
మిస్ లాకీ అల్లం బిళ్ళలు పంచింది.
మోర్వెన్ తన బిళ్ళని కిటికీ అంచున పెట్టి
"గెలిచాక తింటా" అంది.
బ్లఫ్ రేవు వచ్చేలోపే అది ఎటో దొర్లిపోయింది.

ఇన్వర్‌కార్గిల్లో బడి హాలు,
పంతొమ్మిది బల్లలు, బల్లకి నాలుగు కుర్చీలు, ఒక పెన్సిలు.
కొన్ని జట్లకి ఒకే రంగు చొక్కాలు, వీపు మీద బడి పేరు.
మావాళ్ళ వీపుల మీద ఉప్పు చారలు.
నేను గోడవార కూచున్నాను,
ఒళ్ళో అయిదు తడి కోట్లతో,
ఎవరివో అమ్మానాన్నల మధ్య.

"నాలుగు కాళ్ళు" అనే రౌండులో ఏడో ప్రశ్న:
గాలిని కొలిచే మనిషి ద్వీపం వదిలి వెళ్ళేటప్పుడు
అతని మేక ఏమైంది?

మా నలుగురూ ఒక్కసారే నవ్వారు.
ఆ పుస్తకం మా బడిలో అందరికీ కంఠతా.
దానికి చివరి కాగితం లేదు,
మొదట్నుంచీ లేదనే అనుకుంటారు.
అయినా మేక నీళ్ళలోకి దూకిందనీ
పడవ వెనకాలే రాత్రంతా ఈదిందనీ
పొద్దున తాడేసి పైకి లాగితే
ముందు వంటవాడి టోపీ నమిలిందనీ
ఒకటో తరగతి వాళ్ళు కూడా చెప్తారు.
టాసి చకచకా రాసేశాడు. టోపీతో సహా.

ఆ ముగింపు నాది.

అప్పుడు నాకు ఏడేళ్ళు, మా ఎట్టాకి నాలుగు.
పక్కమీద పడుకుని చదివి వినిపిస్తున్నాను.
ముందేముందోనని ఒక పేజీ తిప్పి చూశాను.
మేక ఒడ్డునే ఉండిపోయింది.
పడవ చుక్కంతయ్యేదాకా రాతి మీద నిలబడింది.
అంతే. దాని కింద అచ్చాఫీసు పేరు.
"తర్వాత?" అంది ఎట్టా.
"దూకింది" అన్నాను.
పొద్దున బొమ్మ చూపించమంటుందని
ఆ రాత్రే చింపేశాను,
చప్పుడు వినపడకుండా దగ్గుతూ దగ్గుతూ.
ఎట్టా పెద్దదై బడికెళ్ళి అందరికీ చెప్పింది.
టోపీ ఎవరు కలిపారో నాకూ తెలీదు.

హాల్లో జవాబు చదివారు.
"ఒడ్డునే ఉండిపోయింది."
చుట్టూ బల్లల దగ్గర "అవును, అవును" అని గొణుగుడు.
హినెవాయి కుర్చీలో వెనక్కి తిరిగి
హాలంతా దాటి మిస్ లాకీ వైపు చూసింది,
ఎవరో తన జేబు కొట్టేసినట్టు.
నేను కోటు గుండీలు పెట్టాను, తీశాను.

పదకొండో స్థానం.
ఆ ఒక్క మార్కూ వచ్చినా పదకొండే.
లెక్క చూశాను. మూడుసార్లు చూశాను.

తిరుగు పడవలో బెంచీ కింద
నూగంటుకున్న అల్లం బిళ్ళ దొరికింది.
మోర్వెన్ తుడవకుండానే నోట్లో వేసుకుంది.
"పుస్తకమే తప్పు" అంది హినెవాయి.
"మేకలు ఈదుతాయి, మా చిన్నాన్న చూశాడు"
అన్నాడు డగల్, బకెట్లోంచి.
అందరికీ ఇచ్చిన పుస్తకాల కూపన్ ఒకటి మాకూ ఇచ్చారు.
దాంతో ఆ మేక పుస్తకం కొత్తది కొందామా అంది మిస్ లాకీ.
"ఎందుకు? మనకుందిగా" అన్నాడు టాసి.
ఆవిడ నా వైపు చూసిందో,
నా వెనక కిటికీలోంచి నీళ్ళ వైపు చూసిందో.

ఇంట్లో, నా మేజోళ్ళ సొరుగు అడుగున,
ఆ రాతి మీద ఇంకా నిలబడే ఉంది అది.

రేవులో చీకటి. నాన్న టార్చి.
రాత్రి గౌను మీద వానకోటు వేసుకుని ఎట్టా.
"గెలిచారా?"
"పదకొండు."
"మేక గురించి అడిగారా?"
"అడిగారు."
"అయితే అది మనకొచ్చిందిగా!" అని
నా చేతిలోంచి ఒక కోటు లాక్కుని
ముందు పరిగెత్తింది.